చావుల లెక్కకు అందని జ్వరం

వానలు పడి నెల తిరిగేసరికి ఏటా జ్వరాల వార్తలు మొదలవుతాయి. ఆ వార్తల్లో మనమందరం మొదట వెతికే అంకె ఒక్కటే: ఎంతమంది చనిపోయారు? ఆ అంకె పెద్దదైతే మంత్రులు ఆసుపత్రులకు వెళ్తారు, కలెక్టర్లు సమీక్షలు పెడతారు, వీధుల్లో పొగ యంత్రాలు తిరుగుతాయి. ఆ అంకె సున్నా అయితే పరిస్థితి అదుపులోనే ఉందని ప్రకటన వస్తుంది. మనమూ ఊపిరి పీల్చుకుని పేజీ తిప్పేస్తాం.

ఈ కొలతతో చూస్తే చికున్‌గున్యా దాదాపు కనబడని రోగం. అది చంపడం అరుదు. అందువల్ల అది పెద్ద రోగం కాదనే అభిప్రాయం ప్రభుత్వాల్లోనూ ప్రజల్లోనూ స్థిరపడిపోయింది. కాని మంచం దిగలేక, నీళ్ల చెంబు పట్టుకోలేక, నెలల తరబడి కూలికి పోలేక ఇంట్లో కూర్చున్నవారిని అడిగితే వేరే మాట చెబుతారు. మనిషిని చంపకుండా, అతని చేతులూ కాళ్లూ పనికి రాకుండా చేసే రోగం పేదవాని ఇంట్లో ఏం చేస్తుందో లెక్క కట్టే అలవాటు మనకు లేదు. ఆ లెక్క ఇప్పుడైనా మొదలుపెట్టాలన్నదే ఈ సంపాదకీయంలో మేము చెప్పదలచుకున్న సంగతి.

హెచ్చరిక మళ్లీ వచ్చింది

2025 జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక హెచ్చరిక చేసింది. ఇరవై ఏళ్ల కిందట హిందూ మహాసముద్రపు ద్వీపాల్లో చెలరేగి ప్రపంచమంతా పాకిన చికున్‌గున్యా మళ్లీ అదే తీరున వ్యాపించే సూచనలు కనబడుతున్నాయని, 119 దేశాల్లో సుమారు 560 కోట్ల మంది ఈ రోగం సోకగల ప్రాంతాల్లో నివసిస్తున్నారని ఆ సంస్థ తెలిపింది. ఆ ఏడాది రీయూనియన్ ద్వీపంలో పరీక్షల్లో నిర్ధారణ అయిన కేసులే 50 వేలు దాటాయి. జులైలోనే చైనాలో గ్వాంగ్‌డాంగ్ ప్రావిన్సులోని ఫోషాన్ నగరంలో రోగం అంటుకుని, కొన్ని వారాల్లోనే 7 వేల మందికి పైగా సోకింది.

రీయూనియన్ పేరు వింటే మనకు సంబంధం లేని దూరదేశం అనిపిస్తుంది. ఆఫ్రికాకు తూర్పున, మడగాస్కర్ పక్కన సముద్రంలో ఉన్న చిన్న ద్వీపం అది. 2005–06లో ఆ ద్వీపంలో దాదాపు మూడోవంతు జనానికి, అంటే 2 లక్షల 60 వేల మందికి పైగా చికున్‌గున్యా వచ్చింది. 2005 చివరికల్లా అదే అల భారతదేశాన్ని తాకింది. మొదట బయటపడిన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. కడప, అనంతపురం, చిత్తూరు జిల్లాల పల్లెల్లో ఇంటికిద్దరు ముగ్గురు మంచాన పడ్డారు. 2006 ఒక్క ఏడాదిలో దేశం మొత్తం మీద సుమారు 13 లక్షల 90 వేల అనుమానిత కేసులు నమోదయ్యాయి. అందులో సగానికి పైగా కర్ణాటకవే. కొన్ని ప్రాంతాల్లో జనాభాలో 45 శాతం దాకా ఈ రోగం బారిన పడ్డారు.

నిజానికి ఇది మనకు కొత్త రోగం కాదు. 1965లోనే విశాఖపట్నం, రాజమండ్రి, కాకినాడ పట్టణాల్లో చెలరేగింది. 1973 తర్వాత దేశంలో పెద్దగా కనబడలేదు. పోయిందనుకున్నాం. ముప్ఫై ఏళ్లకు పైగా గడిచాక, ఈసారి ఆఫ్రికా రకం వైరస్ రూపంలో తిరిగి వచ్చింది. 2016లో ఢిల్లీని వణికించింది.

ఈ రాకపోకలకు కారణముంది. చికున్‌గున్యా ఒకసారి సోకినవారికి మళ్లీ సోకకుండా చాలాకాలం రక్షణ ఉంటుంది. ఒక ప్రాంతంలో ఎక్కువమందికి వచ్చి తగ్గాక వైరస్‌కు కొత్త మనుషులు దొరకరు, అల వెనక్కు పోతుంది. ఆ తర్వాత పుట్టిన పిల్లలు పెరుగుతారు. ఉపాధి కోసం కొత్తవాళ్లు వస్తారు. పాత అలలో తప్పించుకున్న వాళ్లు ఎలాగూ ఉంటారు. దోమ మాత్రం ఎక్కడికీ పోదు. కడప, అనంతపురం పల్లెల్లో 2006 తర్వాత పుట్టిన పిల్లలు ఇప్పుడు కాలేజీలకు పోతున్నారు. వారిలో చాలామంది శరీరాలకు ఈ వైరస్ ఎలాంటిదో తెలియదు. ఇరవై ఏళ్ల తర్వాత వచ్చిన హెచ్చరికను మనం పట్టించుకోవలసింది ఇందుకే.

ఒంగదీసే రోగం

చికున్‌గున్యా అనేది ఆఫ్రికాలోని మకొండే భాషలో మాట. ఒంగిపోయేలా చేసేది అని దాని అర్థం. 1952లో నేటి టాంజానియా ప్రాంతంలో ఈ జ్వరం చెలరేగినప్పుడు, కీళ్ల నొప్పులతో ఒంగి నడుస్తున్న మనుషులను చూసి అక్కడివాళ్లు పెట్టిన పేరు అది. కోడి మాంసంతో దీనికే సంబంధమూ లేదు. పేరులోని మొదటి రెండక్షరాలు చూసి 2006లో చాలామంది చికెన్ మానేశారు గాని, దోమ తొట్టిని మాత్రం వదిలేశారు.

దోమ కుట్టాక సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది రోజుల్లో జ్వరం మొదలవుతుంది. ఒక్కసారిగా, ఎక్కువగా వస్తుంది. దానితోపాటే కీళ్లు పట్టేస్తాయి. వేళ్ల కణుపులు, మణికట్లు, చీలమండలు, మోకాళ్లు వాచిపోతాయి. ఒంటిమీద దద్దుర్లు రావచ్చు. నాలుగైదు రోజుల్లో జ్వరం తగ్గుతుంది. చాలామంది ఒకటి రెండు వారాల్లో కోలుకుంటారు. అందరూ కోలుకోరు. అధ్యయనాలను బట్టి అంకె మారినా, పదిమందిలో ముగ్గురు నలుగురికి కీళ్ల నొప్పులు నెలల తరబడి మిగిలిపోతాయి. కొందరికి ఏళ్ల తరబడి ఉంటాయి. నలభై దాటినవారిలోనూ ఆడవాళ్లలోనూ ఇది ఎక్కువ.

ఈ వాక్యాలను ఒక ఉద్యోగి చదివితే సెలవు గుర్తొస్తుంది. ఒక కూలిమనిషి వింటే పస్తు గుర్తొస్తుంది. ఈ దోమ విజృంభించేది వానలు పడుతున్నప్పుడూ, పడి వెనుకబడ్డాకానూ. అంటే నాట్లు, కలుపుతీత, వేరుశనగ చెట్టు పీకడం, పత్తి తీత సాగే నెలలు. అన్నీ ఒంగి చేసేవి, వేళ్లతో చేసేవి. పత్తికి కిలోల లెక్కన, మిర్చి కోతకు బుట్టల లెక్కన, బీడీలకు వేల లెక్కన కూలి ఇస్తారు. వేళ్లు ముడుచుకోని మనిషి రోజంతా చేలో ఉన్నా సగం కూలి కూడా రాదు. ఉపాధి పనుల్లోనూ తవ్విన మట్టి కొలతను బట్టే డబ్బు. ధర్మవరం మగ్గం మీద కూర్చునే చేనేత కార్మికుడికి, కుట్టుమిషన్ తొక్కే ఇల్లాలికి, బండి తోలే హమాలీకి చేతులూ కాళ్లే పెట్టుబడి. ఆ పెట్టుబడిని ఈ రోగం నెలల తరబడి స్తంభింపజేస్తుంది.

ఆడవాళ్ల సంగతి ఇంకా చెప్పాలి. కూలి పోయినా ఇంటి పని పోదు. పిండి పిసకాలి, బట్టలు పిండాలి, బిందె ఎత్తాలి. ఈ మూడూ మణికట్టు మీద పడే పనులే. జ్వరం తగ్గాక ఆమె ముఖంలో రోగం కనబడదు. ‘జ్వరం పోయిందిగా, ఇంకా ఏంటి?’ అనే మాట అత్తగారి నుంచో, మగని నుంచో, మేస్త్రీ నుంచో వస్తుంది. కనబడని నొప్పిని నమ్మించుకోవలసి రావడం ఈ రోగం తెచ్చే మరో బాధ.

గర్భిణుల విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరం. ప్రసవ సమయానికి తల్లి రక్తంలో వైరస్ ఉంటే బిడ్డకు సోకే ప్రమాదం చాలా ఎక్కువని రీయూనియన్ వైద్యులు 2005–06లో గుర్తించారు. అలాంటి ప్రసవాల్లో దాదాపు సగం మంది శిశువులకు రోగం సోకింది. వారిలో కొందరికి మెదడు దెబ్బతిన్నది. నెలలు నిండిన తల్లికి జ్వరం వస్తే మామూలు జ్వరమని ఇంట్లో ఉంచకూడదు.

లెక్క ఎక్కడ తప్పుతోంది

2006లో చికున్‌గున్యా వల్ల నేరుగా ఎవరూ చనిపోలేదన్నది అప్పటి అధికారిక వైఖరి. దాన్ని అబద్ధమని మేము అనడం లేదు. ఈ రోగం ఒంటరిగా చంపడం అరుదు. కాని అహ్మదాబాద్ నగరపు మరణాల రికార్డులను పరిశీలించిన పరిశోధకులు 2008లో ఒక సంగతి బయటపెట్టారు. 2006 ఆగస్టు నుంచి నవంబర్ వరకు, అంటే నగరంలో చికున్‌గున్యా ముమ్మరంగా ఉన్న నాలుగు నెలల్లో, అంతకుముందు నాలుగేళ్లలో ఇవే నెలల సగటు కంటే 2,944 మరణాలు ఎక్కువగా నమోదయ్యాయి. అవన్నీ చికున్‌గున్యా మరణాలేనని తేల్చి చెప్పలేం. కాని ముసలివారు, చక్కెర జబ్బు, గుండె జబ్బు ఉన్నవారు ఇలాంటి జ్వరం తాకిడికి పాత జబ్బు ముదిరి చనిపోతే, ధ్రువపత్రంలో ఆ పాత జబ్బే రాస్తారు. జ్వరం పేరు ఎక్కడా ఉండదు. చావుల లెక్క కూడా మనం సరిగా వేయలేదన్నమాట.

ఇక బతికినవారి లెక్క. రోగం వల్ల మనుషులు ఆరోగ్యంగా గడపలేకపోయిన కాలాన్ని ఏళ్లలో కొలిచే పద్ధతి ఒకటుంది. 2006 విజృంభణను ఆ పద్ధతిలో కొలిచిన భారతీయ పరిశోధకులు, దేశం మొత్తం 25,588 ఆరోగ్యకరమైన ఏళ్లను నష్టపోయిందని అంచనా వేశారు. అందులో 69 శాతం నష్టం జ్వరం తగ్గిన తర్వాత వదలని కీళ్ల నొప్పులదే. జనం పోగొట్టుకున్న కూలి, ఆదాయం తక్కువలో తక్కువ 39 కోట్ల రూపాయలు. ఈ అంకెల్లో మమ్మల్ని ఆపినది ఆ 69 శాతమే. మన ఆరోగ్య వ్యవస్థ ఏర్పాట్లన్నీ జ్వరం కోసమే. మనిషిని దెబ్బతీసే భాగంలో మూడింట రెండు వంతులు జ్వరం పోయాక మొదలవుతోంది. అప్పటికి వైద్య శిబిరం ఎత్తేసి ఉంటారు.

కేసుల లెక్కలోనూ లోపముంది. ఎంపిక చేసిన ఆసుపత్రులలో రక్తపరీక్ష జరిగి నిర్ధారణ అయినవే ప్రధానంగా అధికారిక లెక్కలోకి వస్తాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకున్నవాళ్లు, మందుల షాపులో మాత్రలు కొనుక్కున్నవాళ్లు, ఇంట్లో ఒకరికి పరీక్ష చేయించి మిగతా నలుగురికీ అదేనని సరిపెట్టుకున్నవాళ్లు ఏ పట్టికలోనూ ఉండరు.

2024 చివర అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ తమ ప్రయాణికులకు ఒక సూచన జారీ చేసింది. తెలంగాణ వెళ్లి తిరిగి వచ్చినవారిలో చికున్‌గున్యా అనుకున్న దానికంటే ఎక్కువగా కనబడుతోందని, జాగ్రత్త పడమని చెప్పింది. సెలవులకు సొంత ఊరు వచ్చి వెళ్లిన మన పిల్లలు, అల్లుళ్లు, మనవలు ఆ ప్రయాణికుల్లో ఉండే ఉంటారు. విమానం దిగాక పరీక్ష చేయించుకోగలిగారు కనుక వారు లెక్కకు ఎక్కారు. వారిని కుట్టిన దోమే ఆ వీధిలో పాచిపని చేసే అమ్మనూ, వాచ్‌మన్‌నూ కుట్టి ఉంటుంది. వారిని ఎవరు లెక్కపెట్టారు?

నీళ్లు రాని చోట పుట్టే దోమ

చికున్‌గున్యాను, డెంగీని మోసేది ఒకే దోమ. కాళ్ల మీద తెల్లచారలుండే ఏడిస్ దోమ. ఇది మురుగు కాలువలో పుట్టదు. మంచినీళ్లలో, అదీ మన ఇంటి చుట్టూ నిలవ ఉన్న నీళ్లలో పుడుతుంది. రాత్రి కాదు, పగలు కుడుతుంది. పొద్దున్నే, మళ్లీ సాయంత్రం చీకటి పడేముందు దాని జోరు ఎక్కువ. పుట్టిన చోటు నుంచి చాలా దూరం ఎగరదు. అంటే మనల్ని కుట్టిన దోమ మన ఇంట్లోనో, పక్కింట్లోనో, వెనుక వీధిలోనో పుట్టినదే.

వర్షాభావ ప్రాంతమైన రాయలసీమ మీద 2006లో ఈ రోగం అంతగా ఎందుకు విరుచుకుపడిందో ఇక్కడ అర్థమవుతుంది. కుళాయి రోజూ వచ్చే ఇంట్లో నీళ్లు పట్టి దాచుకోవలసిన పని లేదు. నాలుగు రోజులకో, వారానికో ఒకసారి నీళ్లొచ్చే ఊళ్లో ప్రతి ఇంట్లో సిమెంటు తొట్టి, ప్లాస్టిక్ డ్రమ్ములు, బిందెలు, బానలు ఉంటాయి. ట్యాంకర్ కోసం ఎదురుచూసే హైదరాబాద్ బస్తీల్లోనూ ఇంతే. పట్టుకున్న నీళ్లను పారబోయమని ఆ ఇల్లాలికి ఏ అధికారి చెప్పినా ఆమె వినదు, వినకపోవడం న్యాయం కూడా. నీటి కొరత, దోమ రోగం రెండు వేర్వేరు శాఖల సమస్యలుగా ఫైళ్లలో ఉన్నాయి గాని, ఆ ఇంటి తొట్టిలో అవి ఒకటే సమస్య.

పొగ యంత్రం సంగతి కూడా చెప్పుకోవాలి. ఫాగింగ్ చేస్తే ఆ సమయానికి గాలిలో ఎగురుతున్న పెద్ద దోమలు కొన్ని చస్తాయి. తొట్టిలోని పిల్లపురుగులకు ఏమీ కాదు. వారం పది రోజుల్లో అవి రెక్కలు కట్టుకుని లేస్తాయి. రోగం చెలరేగిన వీధిలో తక్షణ చర్యగా పొగకు కొంత ఉపయోగముంది. కాని అది పనిచేసే దానికంటే పని జరుగుతున్నట్టు కనబడేలా చేసేదే ఎక్కువ. ఇంటింటికీ తిరిగి తొట్లు చూసి, అవసరమైన చోట టెమిఫాస్ మందు వేసి, పాడుబడ్డ బావుల్లో, నీటిగుంటల్లో గంబూసియా చేపలు వదిలే సిబ్బంది పని ఎవరికీ కనబడదు. రోగాన్ని ఆపేది మాత్రం ఆ పనే. మున్సిపాలిటీల్లో, పంచాయతీల్లో ఆ సిబ్బంది ఎంతమంది ఉన్నారు, వారికి జీతాలు సమయానికి అందుతున్నాయా అని వార్డు సభ్యుణ్ని అడగవలసిన బాధ్యత మనది.

సూదిమందు మీద ఆశ

ఈ వైరస్‌ను చంపే మందు ఇంతవరకు లేదు. విశ్రాంతి, బాగా నీళ్లు తాగడం, జ్వరానికీ నొప్పికీ పారాసిటమాల్. మొదటి రోజుల్లో చికిత్స ఇంతే. ఇంత చిన్న మాట నొప్పితో మూలుగుతున్న మనిషికి రుచించదు. అందుకే స్టెరాయిడ్ సూది వెతుక్కుంటూ పోతాడు. వేసిన పూట లేచి కూర్చుంటాడు. ‘ఆయన చేతి చలవ’ అనే పేరు ఊరంతా పాకుతుంది. మందు ప్రభావం దిగాక నొప్పి మళ్లీ వస్తుంది, మళ్లీ సూది కావాలి. చక్కెర జబ్బు ఉన్నవారికి చక్కెర పెరిగిపోతుంది. నెలల తరబడి నొప్పి మాత్రలు మింగినవారికి కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

ఇంకో ప్రమాదముంది. చికున్‌గున్యా, డెంగీ ఒకే దోమ వల్ల, ఒకే కాలంలో వస్తాయి, మొదట్లో ఒకేలా ఉంటాయి. డెంగీ అయితే ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు రక్తస్రావానికి దారితీయవచ్చు. కాబట్టి డెంగీ కాదని డాక్టర్ తేల్చేదాకా పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి మాత్ర వేసుకోకూడదు. జ్వరం తగ్గుతున్న రోజుల్లోనే విపరీతమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, మగత కనబడితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

వారాలు గడిచినా తగ్గని కీళ్ల నొప్పులకు చికిత్స ఉంది. డాక్టర్ పర్యవేక్షణలో మందులు, ఫిజియోథెరపీ చాలామందికి మేలు చేస్తాయి. ఆ వైద్యం జిల్లా కేంద్రం దాటి పల్లెకు రాలేదన్నదే సమస్య. ఆరోగ్యశ్రీ వంటి పథకాలు ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సల కోసం ఏర్పడ్డాయి. మంచాన చేరకుండా ఆరు నెలలు నొప్పితో తిరిగే మనిషికి వాటిలో చోటు తక్కువ. ప్రతిసారీ బస్సు చార్జీ, మందుల ఖర్చు, పోయిన రోజు కూలి అతని జేబులోంచే పోతాయి.

టీకా గురించి కూడా పాఠకులు అడుగుతుంటారు. అమెరికా 2023 నవంబర్‌లో ఒక టీకాకు, 2025 ఫిబ్రవరిలో మరొకదానికి అనుమతి ఇచ్చింది. మొదటిదాని వల్ల కొందరిలో తీవ్రమైన దుష్ప్రభావాలు కనబడడంతో 2025 ఆగస్టులో ఆ అనుమతిని నిలిపివేసింది. హైదరాబాద్‌కు చెందిన భారత్ బయోటెక్ రూపొందించిన టీకా మనుషుల మీద ప్రయోగాల దశకు చేరింది. సైన్సు తన పని తాను చేస్తోంది. కాని టీకా వచ్చేదాకా ఆగుదామంటే దోమ ఆగదు.

ఏం అడగాలి, ఏం చేయాలి

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలను మేము అడిగేవి పెద్ద కోరికలు కావు. మొదటిది, జ్వరాల లెక్కలో చావులతో పాటు పనిదినాల నష్టాన్ని కూడా నమోదు చేయండి. జ్వరం వచ్చిన ఇంటికి ఆశా కార్యకర్త నెల తర్వాత, మూడు నెలల తర్వాత మరొకసారి వెళ్లి, ‘చేతులు ముడుచుకుంటున్నాయా? పనికి పోతున్నావా?’ అని రెండు ప్రశ్నలు అడిగి రాసుకుంటే చాలు. రెండోది, విజృంభణ జరిగిన మండలంలో ఆరు నెలల పాటు వారానికొక రోజు కీళ్ల నొప్పుల క్లినిక్, ఫిజియోథెరపీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే పెట్టండి. మూడోది, రక్తపరీక్ష ఫలితం రోగం తగ్గాక కాకుండా రోగం ఉండగానే వచ్చేలా చూడండి. నాలుగోది, నీటి సరఫరా సక్రమంగా లేని ఊళ్లను దోమల ఊళ్లుగా ముందే గుర్తించండి. అక్కడ తొట్లకు మూతలు ఇవ్వడం పొగ కొట్టడం కంటే చవక.

మనం చేయవలసినవీ ఉన్నాయి. వారానికొక రోజు తొట్లు, డ్రమ్ములు ఖాళీ చేసి ఆరబెట్టే ‘డ్రై డే’ గురించి అందరూ వినే ఉంటారు. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది కనుక వారానికొకసారి అన్నారు. అయితే ఖాళీ చేస్తే సరిపోదు. ఏడిస్ దోమ నీటి అంచుకు పైన, తొట్టి గోడకు గుడ్లు అంటిస్తుంది. అవి ఎండినా నెలల తరబడి బతికి ఉండి, నీళ్లు తగలగానే పగులుతాయి. పీచు పెట్టి గోడ రుద్దాలి. పారబోయలేని నీళ్లకు పాత చీర గట్టిగా చుట్టి కట్టినా దోమ దూరదు. కూలర్, ఫ్రిజ్ వెనుక పళ్లెం, పూలకుండీ కింద సాసరు, మేడ మీద పడేసిన టైరు, కొబ్బరి చిప్పలు మరచిపోకూడదు. జ్వరం వచ్చినవారిని మొదటి వారం పగలు కూడా దోమతెరలో పడుకోబెట్టాలి. ఆ రోజుల్లో వారి రక్తంలో వైరస్ ఉంటుంది. వారిని కుట్టిన దోమే ఇంట్లో మిగతావారికి రోగం తెస్తుంది.

మన సంఘాల ఆవరణలను కూడా ఒకసారి చూసుకుందాం. బాప్తిస్మం ఇచ్చిన తర్వాత తొట్టిలో నీళ్లు వారాల తరబడి నిలవ ఉంచే మందిరాలు ఎన్నో ఉన్నాయి. సమాధుల తోటలో నవంబర్‌లో పెట్టిన పూల సీసాలు ఆ తర్వాతి వానలకు నిండి అలాగే ఉంటాయి. హాస్టల్ మీది ట్యాంకు మూత ఎప్పుడో ఎగిరిపోయి ఉంటుంది. ఆదివారం ఆరాధన తర్వాత యవనస్థులు అరగంట కేటాయిస్తే ఈ మూడూ సరిదిద్దవచ్చు. మందిరం చుట్టూ ఉన్న ఇళ్లలో ఏ మతంవారు ఉన్నా, మన తొట్టిలో పుట్టిన దోమ వారినీ కుడుతుంది. వారి పట్ల మన బాధ్యత అక్కడ మొదలవుతుంది.

పరామర్శ సంగతి చివరగా. జ్వరంతో మంచాన ఉన్నప్పుడు చూడడానికి వెళ్తాం, ప్రార్థన చేస్తాం, పండ్లు ఇస్తాం. జ్వరం తగ్గిందని తెలిసి మానేస్తాం. చికున్‌గున్యా వచ్చిన ఇంటికి అసలు కష్టం మొదలయ్యేది అప్పుడే. రెండో నెలలో బియ్యం అయిపోతాయి, మూడో నెలలో అప్పు వడ్డీ మొదలవుతుంది, పిల్ల బడి మాని తల్లికి బదులు బిందె ఎత్తుతుంది. ఆ నెలల్లో ఒకసారి ఆ ఇంటికి వెళ్లి, ఆమె చేతులు ఎలా ఉన్నాయో అడగండి. ఇంకా పనికి పోలేకపోతుంటే పది కిలోల బియ్యం, ఆసుపత్రికి బస్సు చార్జీ, పిల్ల మళ్లీ బడికి పోయే ఏర్పాటు చూడండి. ప్రభుత్వం లెక్క రాసుకునేదాకా ఆ ఇంటి లెక్క మన దగ్గరైనా ఉండాలి.